శ్యామల కార్డు మీద

అమ్మ పోయిన గురువారం నేను ఏడో తరగతికి పాఠం చెబుతున్నాను. జనవరి నెల. ఫోను మూడుసార్లు మోగి ఆగింది. నాలుగోసారి తీశాను. అమ్మతో పాటు పత్తి మిల్లులో పనిచేసే నాగలత.

"బిడ్డా, జల్దీ దవాఖానకు రా. మీ అమ్మకు దెబ్బ తాకింది."

"ఎక్కడ తాకింది?"

"నువ్వైతే రా," అన్నది.

పినపాక నుంచి ఆటోలో పోయేసరికి గంట పట్టింది. దారి పొడుగునా పత్తి ట్రాలీలు. చర్ల వైపు పోడు భూముల్లో పండిన పత్తి కూడా గోదావరి దాటి ఈ మిల్లుకే వస్తుంది. ఒక ట్రాలీ వెనక చాలాసేపు మెల్లగా పోవలసి వచ్చింది. ఆటో అతను హారన్ కొడుతూనే ఉన్నాడు. కొట్టవద్దని చెప్పాను. ఎందుకు చెప్పానో నాకు తెలియదు.

నేను చేరేసరికి అంతా అయిపోయింది. నర్సు ఒక పాలిథిన్ కవరు చేతికిచ్చింది. అందులో నాయన చొక్కా ఉంది. మిల్లులో ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ చొక్కా వేసుకుంటారు. కొంగు బయటికి వేలాడకుండా చొక్కాలోకి దోపి గుండీలు పెట్టుకుంటారు. మా నాయన మహబూబ్ అలీ పరుపులు కుట్టేవాడు. ఆయన పోయి పదకొండేండ్లు. ఆయన చొక్కాలు అమ్మ మిల్లులో అరగదీసింది. కవరులో ఉన్నది నీలం గీతల చొక్కా. ముందు భాగం చినిగింది. గుండీలు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

ఎట్లా జరిగిందో నాగలత వరండాలో చెప్పింది. గింజలు తీసే జిన్నింగ్ యంత్రాల వరుస కింద ఒక పొడుగాటి షాఫ్టు తిరుగుతుంది. దాని మీద బెల్టులు. బెల్టు దగ్గర ఇరుక్కున్న పత్తిని లాగడానికి అమ్మ వంగింది. దుమ్ము ముక్కులోకి పోకుండా మొహానికి కట్టుకున్న గుడ్డ ముడి వదులైంది. దాని కొస బెల్టుకు అందింది. అంతవరకే నాగలత చెప్పింది. ఆ తర్వాతది నేను అడగలేదు.

మర్నాడు అమ్మకు స్నానం చేయించేటప్పుడు నేనూ ఉన్నాను. ఎంత కడిగినా చెవుల వెనక, పాపిట్లో దూది నూగు అంటుకునే ఉంది. కఫను గుడ్డలో పెట్టడానికి దూది కావాలన్నారు. మెడికల్ షాపు నుంచి చిన్న ప్యాకెట్ తెప్పించాము.

*

నాలుగో రోజు మిల్లుకు పోయాను. మిల్లువాళ్ళు పోలీసులకు రాసిచ్చిన కాగితంలో అమ్మ ఎప్పటి నుంచి పనిచేస్తున్నదీ రాయలేదని తెలిసింది. అది రాయించాలని పోయాను.

సూపర్‌వైజరు లేచి నిలబడి కుర్చీ చూపించాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"మా దగ్గర అజ్మత్ బీ అనే వర్కరే లేదు మేడం. మూడేండ్ల కిందనే పేరు తీసేసినం. యాభై అయిదు దాటినోళ్ళను పెట్టుకోం. పడిపోయిన దూది ఏరుకుందామని లోపలికి వచ్చినట్టుంది, పాపం."

"ఆమె ఆ రోజు పనిలోనే ఉంది," అన్నాను.

"రిజిస్టర్ చూసుకోండి." అతను దాన్ని నా వైపు తిప్పాడు. "ఆడోళ్ళు ఇరవై రెండు మంది. ఇరవై రెండు సంతకాలు."

గురువారం పేజీలో పద్నాలుగో వరుసలో శ్యామల అని ఉంది. శ్యా కింద వత్తు కొడవలిలా వంగి పక్క గడిలోకి పోయింది. అది అమ్మ చేతిరాత. ఆ అక్షరాలు నేర్పింది నేను.

అది అమ్మ రాతేనని అతనికీ తెలుసు. రోజూ పొద్దున అమ్మ ఆ గడిలో సంతకం పెట్టేటప్పుడు పక్కన నిలబడేది అతనే. రంజాన్‌కు అమ్మ పంపిన సేమియా తిన్నవాడే. ఇప్పుడు నా మొహం చూడకుండా రిజిస్టరు వైపు చూస్తున్నాడు. నేనూ రిజిస్టరునే చూశాను. నేను లేచి వచ్చేశాను.

అది అమ్మ సంతకమని ఎందుకు అనలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఆ మిల్లు రిజిస్టరులో ఆడవాళ్ళకు పేర్లు ఉండేవి కావు. మగవాళ్ళ పేర్లు వరుసగా రాసి, చివర 'ఆడ కూలీలు' అని రాసి పక్కన ఒక అంకె వేసేవారు. ఎవరైనా పడిపోతే, చెయ్యి విరిగితే, ఆ అంకెలో ఆమె ఎవరో చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. లెట్రిన్ కూడా లేదు. మిల్లు వెనక జామాయిల్ తోటలోకి పోయేవారు. అమ్మా, నాగలతా, ఇంకో ఇరవై మందీ పదకొండు రోజులు గేటు ముందు కూర్చున్నారు. పత్తి బండ్లు రోడ్డు మీద బారులు తీరాయి. బడి అయిపోగానే నేను అన్నం గిన్నె పట్టుకుని అక్కడికే పోయేదాన్ని. అడవి పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళు కోయలో మాట్లాడుకునేవాళ్ళు. అమ్మకు ఆ మాటలు సగమే అర్థమయ్యేవి. సగం చాలు అనేది.

పన్నెండో రోజు యజమాని మూడు ఒప్పుకున్నాడు. ఒక గది, ఒక నల్లా, రిజిస్టరులో పేర్లు. ఆ రోజు అమ్మ ఇంటికి వచ్చి, "నా పేరు రాసిండ్రు. నేను చూసిన," అని నాయనతో అన్నది. అప్పటికి అమ్మకు చదవడం రాదు. ఏది తన పేరో గుమస్తాను అడిగి వేలు పెట్టి చూసి వచ్చింది.

పేర్లు వచ్చినాక ఇంకో కష్టం వచ్చింది. పేరున్న మనిషి వరుసగా మూడు రోజులు రాకపోతే పేరు కొట్టేయడం మొదలుపెట్టారు. జ్వరం వచ్చినా, కాన్పు అయినా అంతే. అందుకని ఆడవాళ్ళు తమలో తాము ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఎవరికైనా రాలేని పరిస్థితి వస్తే ఆమె హాజరు కార్డు మీద ఇంకొకరు పోతారు. పనిలేనివాళ్ళో, పేరు పోయినవాళ్ళో. తిరిగి వచ్చేదాకా ఆమె చోటు పోకుండా కాస్తారు. దాన్ని బదిలీ అంటారు. మిల్లుకు తెలుసు. మనిషి ఎవరైతే ఏంది, గంప లేస్తే చాలు అని ఊరుకునేవారు.

జెబా పుట్టినప్పుడు నేను ఆరు నెలలు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. జీతం వచ్చింది. అమ్మ మనవరాలికి నూనె రాస్తూ అన్నది, "మీకు సర్కారు ఇస్తది. మాకు మేమే ఇచ్చుకుంటం."

పోయిన ఏడాది నవంబరులో శ్యామలకు ఏడో నెల. ఆమె మొగుడు వీరన్న ఆటో నడుపుతాడు. ఆ పిల్ల చోటు కాయడానికి అమ్మ పోతానన్నది. మూడేండ్లుగా అమ్మ అట్లా ఎవరెవరి కార్డుల మీదనో పోతూనే ఉంది. అంతకుముందు వేలిముద్ర సరిపోయేది. ఆ ఏడాది సంతకమే కావాలన్నారు. అమ్మ జెబా నోటుబుక్కు తీసుకుని నా దగ్గరికి వచ్చింది.

"శ్యామల అని రాయడం నేర్పే."

"వేరేవాళ్ళ సంతకం పెట్టడం తప్పమ్మా," అన్నాను.

"బడికి పోయినోళ్ళకు తప్పు. నువ్వైతే నేర్పు."

నేర్పాను. పది వరుసలు రాయించాను. శ్యా కింద వత్తు మాత్రం సరిగా రాలేదు. ఇంకో పది వరుసలు రాయించాను.

*

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది నాకు అన్నిటికన్నా కష్టం.

అమ్మ పోవడానికి నాలుగు రోజుల ముందు, ఆదివారం, పదమూడు మంది ఆడవాళ్ళు అమ్మ ఇంటికి వచ్చారు. షాఫ్టుకు అడ్డంగా ఉండే ఇనుప జాలీని రిపేరు కోసమని పోయిన సీజన్‌లో తీశారు. మళ్ళీ బిగించలేదు. అడిగితే రేపు, ఎల్లుండి అంటున్నారు. ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఆఫీసుకు అర్జీ రాయమని నన్ను పిలిపించారు. అమ్మ చెప్పింది, నేను రాశాను. అమ్మ చెప్పినట్టే రాశాను.

'సారూ, బెల్టుకు జాలీ లేదు. రోజూ పొద్దున చావు పక్కన నిలబడి పని మొదలుపెడుతున్నం. మనిషి పోయినాక వచ్చుడు కాదు, ఉన్నప్పుడే వచ్చి చూడండి. మా చేతులు పడ్డాకనే మీ కాగితం కదులుతదా?'

అందరూ సంతకాలు పెట్టారు. అమ్మ మొదట పెట్టింది. తన పేరే పెట్టింది.

"నీ పేరెందుకక్కా? నువ్వు శ్యామల కార్డు మీద ఉంటివి గద," అన్నది నాగలత.

"కార్డు శ్యామలది. చెయ్యి నాది," అన్నది అమ్మ. "ఏం, నీ నోరు ఎవరి కార్డు మీద నడుస్తున్నది? పొద్దటి సంది ఆగలే!"

అందరూ నవ్వారు.

ఆ అర్జీని సోమవారం పోస్టు చేయవలసిన పని నాది. ఇంటికి వచ్చి ఇంకోసారి చదివాను. భాష చాలా గట్టిగా ఉందనిపించింది. ఆఫీసరుకు కోపం వస్తే మిల్లుకు ఫోను చేస్తాడని, వీళ్ళ పని పోతుందని అనుకున్నాను. కూర్చుని మళ్ళీ రాశాను. 'తమరి దివ్య సముఖమునకు వినయపూర్వకంగా విన్నవించుకొనునది' అని మొదలుపెట్టాను. చావు అన్న మాట తీసేసి 'ప్రమాదమునకు అవకాశము కలదు' అని రాశాను. దస్తూరీ కూడా బాగా కుదిరింది. దాని మీద మళ్ళీ సంతకాలు కావాలి. అందరూ కలిసేది ఆదివారమే. సరే, ఆదివారం పెట్టిద్దాం అనుకుని రెండు కాగితాలూ బ్యాగులో పెట్టుకున్నాను.

గురువారం నేను దవాఖానకు పోయినప్పుడు రెండూ నా భుజం మీది బ్యాగులోనే ఉన్నాయి.

సోమవారం పంపి ఉంటే గురువారానికి ఎవరైనా వచ్చేవాళ్ళా అంటే, రాకపోయేవాళ్ళు. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ అమ్మ బతికి ఉండగా, అమ్మ సంతకంతో, ఆ మిల్లులో పనిచేస్తున్న మనిషిగా ఒక సర్కారు ఆఫీసుకు చేరిన కాగితం ఒకటి ఉండేది.

*

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయినాక నాగలత వచ్చింది. వెంట శ్యామల. చేతిలో పసిపిల్ల. వీరన్న ఆటోలోనే కూర్చున్నాడు, లోపలికి రాలేదు.

శ్యామలకు అమ్మ పోయిన వారమే కాన్పయింది. సోమవారం ఆపరేషన్ చేశారు. అమ్మ సంగతి ఆమెకు పది రోజులు చెప్పలేదట. వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని, పిల్ల మీది గుడ్డ సర్దుతూ ఉంది.

నాగలత ఊరుకోలేదు. "చూడు బిడ్డా, ఈ పోరి ఎంత మొనగత్తెనో. దీని తల్లి మిల్లుల సంతకం పెట్టి గంపలు మోసుకుంటనే కన్నది. లోకంల ఇంకెక్కడన్న ఉన్నదా? రిజిస్టర్‌ల చూసుకోమను!"

నాకు నవ్వు వచ్చింది. శ్యామలకు కూడా వచ్చింది. నవ్వి వెంటనే ఇద్దరమూ తల దించుకున్నాము.

అప్పుడు శ్యామల సంచిలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. దవాఖానలో ఇచ్చిన డిశ్చార్జి కాగితం. చేరిన తేదీ సోమవారం, పంపిన తేదీ శనివారం.

"టీచరక్కా, ఇది సాలుతది గద? గురువారం నేను మంచం మీద ఉన్న. మిల్లుల నా సంతకం ఎవరు పెట్టిండ్రని అడిగితే ఏం చెప్తరు? అజ్మతమ్మే పెట్టిందని ఒప్పుకోవాల్సిందే గద?"

అవును, చాలుతుంది. నేను తేదీలు రెండుసార్లు చదివాను. నలభై రోజులుగా నేను వెతుకుతున్నది అదే.

"అవ్, ఒప్పుకుంటరు," అన్నది నాగలత. ఆమె గొంతు మారింది. "ఒప్పుకుని, ఇంకెంత మంది గిట్ల వస్తున్నరో తియ్యమంటరు. ఏం శ్యామలా, నీకు తెల్వదా?"

"నా పని పోతే పోనీ అత్తా. నా కోసమే గద వచ్చింది ఆమె."

"నీది పోతే నువ్వంటవ్ పోనీ అని. సక్రి గురించి ఎవరనాలె?"

తండా నుంచి వచ్చే సక్రికి టీబీ. ఆమె కార్డు మీద ఆమె చెల్లెలు సోని వస్తోంది. మణికట్టు విరిగిన ఒకామె ఉంది. మొగుడికి ఆపరేషన్ అయిన ఒకామె ఉంది. వయసు దాటిన ముగ్గురు వేరేవాళ్ళ పేర్ల మీద ఉన్నారు. నాగలత వేళ్ళు మడిచి చెప్పింది. మొత్తం ఆరు కార్డులు.

"నాకు మీ అమ్మంటే ఏందో నీకు తెలుసు బిడ్డా," అన్నది. "గేటు కాడ నా పక్కన కూసున్న మనిషి. ఆమె పేరు ఆ రిజిస్టర్‌ల ఎక్కాలని నాకు లేదా? కానీ ఈ బదిలీ పెట్టింది కూడ ఆమెనే. ఇది తెగితే మళ్ళ పుట్టది. నువ్వు సదువుకున్నదానివి. నువ్వే చెప్పు."

పిల్ల ఏడ్చింది. శ్యామల అటు తిరిగి పాలివ్వడం మొదలుపెట్టింది. వాళ్ళు పోయేటప్పుడు ఆ కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాను.

"దాచిపెట్టుకో. పిల్ల బర్త్ సర్టిఫికెట్‌కు కావాలె."

"మరి అజ్మతమ్మది?"

"దాచిపెట్టుకో," అని మళ్ళీ అన్నాను.

*

తర్వాతి సోమవారం సెలవు పెట్టి ఫ్యాక్టరీల తనిఖీ ఆఫీసుకు పోయాను. నేను బాగా రాసిన అర్జీని చింపేశాను. అమ్మ చెప్పింది చెప్పినట్టు రాసిన పాత కాగితమే తీసుకుపోయాను. కనీసం జాలీ అయినా బిగిస్తారని.

అక్కడ గోపాలు అనే క్లర్కు తీసుకున్నాడు. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్న మనిషి. కళ్ళద్దాలు పైకి నెట్టుకుని అంతా చదివాడు.

"భాష జర గట్టిగ ఉన్నది టీచర్ గారూ."

"అవునండి. మా అమ్మ భాష."

అతను మళ్ళీ సంతకాల వైపు చూశాడు. మొదటి పేరు దగ్గర ఆగాడు. డ్రాయరులోంచి ఒక ఫైలు తీసి ఏదో పోల్చుకున్నాడు.

"ఈ అజ్మత్ బీ... పోయిన నెల మిల్లుల చనిపోయినామె గద?"

"మా అమ్మ."

అతను ఫైలు మూశాడు. తర్వాత గొంతు తగ్గించి మాట్లాడాడు.

"నేను మీ మంచికే చెప్తున్న. ఈమె మా వర్కర్ కాదని మిల్లువాళ్ళు రాసిచ్చిండ్రు. ఈ పేరు ఉంటే ఇది జాలీ అర్జీ కాదు, చావు కేసు అయితది. అప్పుడు ముందు ఈమె వర్కరా కాదా తేలాలె. అది నా టేబుల్ నుంచి పోతది. ఏడాదో, రెండేండ్లో. అందర్ని పిలిచి కార్డులు చూస్తరు. ఈ ఒక్క పేరు లేకుంటే మిగతా పదమూడు మంది మీద నేను ఇయ్యాలనే నంబరేస్త. పదిహేను రోజుల్ల తనిఖీ పడతది."

"పేరు తీసేయాలా?"

"నేను కొట్టకూడదు. ఇచ్చినోళ్ళే కొట్టి పక్కన సంతకం పెట్టాలె."

నేను కుర్చీలో కూర్చున్నాను. అమ్మ సంతకం కాగితం మీద మిగతావాళ్ళ సంతకాల కన్నా పెద్దగా ఉంది. ఆమె పేరు నేర్పింది కూడా నేనే. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది, మొదటి జీతంతో పలక కొనుక్కొచ్చి నేర్పాను. పలక ఎందుకే, నేను పిల్లనా అన్నది. మూడు రోజుల్లో నేర్చుకుంది.

నలుగురైదుగురు నా వెనక నిలబడి ఉన్నారు. క్లర్కు తొందర పెట్టలేదు.

బ్యాగులోంచి స్కేలు తీశాను. అక్షరాల మధ్యలో ఒక్క గీత గీశాను. పిల్లల నోటుబుక్కుల్లో ఎప్పుడూ అట్లాగే కొడతాను, కింద ఏముందో చదవడానికి వీలుగా. పక్కన నా సంతకం పెట్టాను. గోపాలు అర్జీకి నంబరు వేసి, నాకు రసీదు ఇచ్చాడు.

బయట బస్టాండులో చాలాసేపు కూర్చున్నాను. రెండు బస్సులు పోయాయి.

తనిఖీ పదిహేను రోజుల్లో పడలేదు. ఏప్రిల్ నెలలో వచ్చారట. అప్పటికి సీజన్ అయిపోయి మిల్లు మూసి ఉంది. యంత్రాలు నడవడం లేదు కాబట్టి పరిశీలించడం వీలు కాలేదని, రక్షణ జాలీ బిగించుకోవాలని మిల్లుకు సూచించామని నాకు ఉత్తరం వచ్చింది. ఉత్తరంలో పదమూడు మంది అర్జీదారులు అని ఉంది.

నవంబరులో మిల్లు మళ్ళీ మొదలైంది. శ్యామల తన కార్డు మీద తాను పోతోంది. పిల్లను వీరన్న తల్లి చూసుకుంటోంది. సక్రి ఇంకా కోలుకోలేదు. ఆమె కార్డు మీద సోనియే వస్తోంది. మొన్న ఆదివారం నాగలత ఫోను చేసింది. అందరి సంగతులు చెప్పినాక నేను జాలీ గురించి అడిగాను.

ఇంకా బిగించలేదు.